ఏమీ జరగని సీరియల్

మొన్న సెలవుల్లో షాహీన్ కూతుర్ని వెంటబెట్టుకుని మా ఇంటికి వచ్చింది. మేమిద్దరం ఒకే గోడకు అటూ ఇటూ పెరిగినవాళ్లం. పెళ్లై జహీరాబాద్ పోయాక ఆమె మెదక్ రావడమే తక్కువ. వచ్చినప్పుడు మాత్రం పుట్టింట్లో కాసేపు కూర్చున్నట్టు చేసి నా దగ్గరికి వచ్చేస్తుంది. నా చాయ్ తాగుతుంది, నా చీరలకు వంకలు పెడుతుంది, సాయంత్రం బస్సుకు పోతుంది. ఈసారి ఆమె కూతురు ఆయేషా వచ్చిన దగ్గర్నుంచి మూలకు కూర్చుని ఫోన్ చూస్తూ ఉంది. మామిడిపండు కోసి ఇస్తే తల ఎత్తకుండానే తిన్నది. నాకు ఊరుకోవడం చేతకాదు గనక వెనక నుంచి తొంగి చూశాను. జపాన్ వాళ్ల బొమ్మల సీరియల్. అంతా బూడిద రంగు ఊరు. కూలిపోయిన మెట్ల మీద ఒక అమ్మాయి, ఒక ముసలాయన ఎక్కుతున్నారు. ఎక్కుతూనే ఉన్నారు. మాట లేదు, పాట లేదు, గాలి చప్పుడు తప్ప ఏమీ లేదు.

"చూస్తున్నవా సునీతా, గిదేం రోగమో దీనికి?" అంది షాహీన్. "గిండ్ల ఒక్కరు నవ్వరు. అందరు ఎట్ల సస్తరా అని చూసుడే. పోనీ ఇది ఏడుస్తదా అంటే అది గూడ లేదు. బొమ్మ లెక్క కూసుంటది. దవాఖానల సూపియ్యాల్నా ఏంది?"

"మనం చూడలేదానే?" అన్నాను.

"గప్పుడు మనకు పని లేకుండె," అని చేయి విదిలించి వంటింట్లోకి పోయింది. అది పచ్చి అబద్ధం. ఆ రోజుల్లో ఆమెకు ఊపిరి సలపనంత పని ఉండేది. ఆయేషా మాత్రం తల ఎత్తి నన్ను కొత్త మనిషిని చూసినట్టు చూసింది. "నిజంగనా ఖాలా? మీరు గూడ చూసిండ్రా? మీకు గిండ్ల ఏం నచ్చింది?" అని అడిగింది. ఒక్క మాటలో చెప్పలేకపోయాను. కూర్చోబెట్టి మొదట్నుంచీ చెప్పాల్సి వచ్చింది. చెప్పిందే ఇక్కడ రాస్తున్నాను.

మా బాపు నర్సింలు లైన్‌మన్. మెదక్ చివర, పాపన్నపేట పోయే రోడ్డు మీద, రెండు గదుల కిరాయి ఇంట్లో ఉండేవాళ్లం. మా వీధికీ, అవతల మంజీర వైపు పొలాల్లో నడిచే మోటార్లకూ ఒకే లైను మీద కరెంటు వచ్చేది. ఎక్కడో వరి మడి మధ్య తీగ తెగితే మా ఇంట్లో ఫ్యాను ఆగేది. బాపు సంచీ తలుపు వెనక మేకుకు వేలాడేది. అందులో రబ్బరు గ్లౌజులు, తాడు, ప్లాయర్, ఎప్పుడూ ఏదో ఒక పాత గుడ్డ. ఆ సంచీకి ట్రాన్స్‌ఫార్మర్ నూనె వాసన, ఎండలో కాలిన రబ్బరు వాసన. ఎంత సబ్బు పెట్టి కడిగినా ఆ వాసన బాపు చేతులకు ఉండేది, ఆ చేతులతో కలిపి పెట్టిన పచ్చిపులుసు అన్నానికీ ఉండేది. నాకు అది మా ఇంటి వాసన. ఇంకొక వింత, ఊరందరికీ కరెంటు తెచ్చే మనిషి ఇంట్లో స్విచ్ ముట్టేవాడు కాదు. "బిడ్డా, జర లైటెయ్" అని మంచం మీద నుంచే కేకేసేవాడు. బద్ధకం అని మేం నవ్వేవాళ్లం. ఆయన జోడీదారు యాదగిరి మామ ఆదివారాలు మొక్కజొన్న కంకులు పట్టుకొచ్చి, "మీ బాపుకు నౌకరి ఇచ్చింది ఊరి లైట్లెయ్యనీకే, ఇంట్ల లైట్లెయ్యనీకె గాదు" అని ఇంకా నవ్వించేవాడు.

లైన్‌మన్ స్తంభం ఎక్కేముందు సబ్‌స్టేషన్‌కు ఫోన్ చేసి లైను ఆపించాలి. దాన్ని ఎల్సీ తీసుకోవడం అంటారు. పని అయ్యాక, అందరూ దిగాక, తీసుకున్న మనిషే మళ్లీ ఫోన్ చేసి ఎల్సీ తిరిగి ఇవ్వాలి. అప్పుడే అక్కడి ఆపరేటర్ కరెంటు వదలాలి. వేరేవాళ్లు చెప్తే వదలకూడదు, రైతులు ఎంత గొడవ చేసినా వదలకూడదు. మా ఇంట్లో ఒక్కరికీ నాలుగు శ్లోకాలు రావు గానీ, ఈ పద్ధతి మాత్రం నాకు బడిలో చేరకముందే వచ్చు. అది తెలియడమే మా కష్టం. కరెంటు పోగానే అమ్మ చేతిలో చాట ఆగేది. బాపు ఎక్కాడేమో. సరే, ఎక్కితే ఎక్కాడు, లైను ఆపించే ఎక్కుతాడు. అసలు భయం కరెంటు వచ్చినప్పుడు. వీధిలో పిల్లలు "అగో, వచ్చింది!" అని గంతులేసేవాళ్లు, పక్కిళ్లల్లో టీవీలు మొదలయ్యేవి. మా ఇంట్లో మాత్రం అమ్మ లేచి తిరుగుతున్న ఫ్యాను ఆపేది. "ముట్టకుండ్రి, జర ఆగుండ్రి" అనేది. గూట్లో పసుపు డబ్బా పక్కన ఫోన్ ఉండేది. బాపు కిందికి దిగి, ఎల్సీ తిరిగి ఇచ్చి, వెంటనే మాకు ఒక మిస్డ్ కాల్ ఇవ్వాలి. అది వాళ్లిద్దరి ఒప్పందం. ఫోన్ ఒకసారి మోగి ఆగిపోయేదాకా మా ఇంట్లో ఎవరూ స్విచ్ వేయకూడదు. కొన్నిసార్లు సిగ్నల్ ఉండేది కాదు. అప్పుడు అమ్మ మొహం చూడడం నాకు చేతనయ్యేది కాదు.

నేను డిగ్రీలో చేరినప్పుడు షాహీన్ వాళ్ల అన్న ఖలీల్ ఒక పాత కంప్యూటర్ బిగించి ఇచ్చాడు. అతనికి బజార్లో కంప్యూటర్ల దుకాణం. హైదరాబాద్ నుంచి ఎవరెవరో ఇచ్చిన సినిమాలన్నీ ఒక పెన్‌డ్రైవ్‌లో వేసి మాకు పడేసేవాడు, అందులో ఏముందో అతనికే తెలియదు. అట్లా దొరికింది మాకు ఆ సీరియల్. మాటలు జపాన్ భాషలో, కింద ఇంగ్లీషు అక్షరాలు. నేను చదివి చెప్పేదాన్ని, షాహీన్ దానికి తన వ్యాఖ్యానం కలిపేది. సముద్రం ఎండిపోయింది. ఆ అడుగున, ఇసుకలో కూరుకుపోయిన ఓడ కడుపులో కొందరు బతుకుతుంటారు. రోజూ ఒకరు గుట్ట అవతలికి పోయి నీళ్లు తేవాలి. దారిలో దుమ్ముగాలి లేస్తే మనిషి తిరిగి రాడు. చిన్నపిల్ల ఒకతి, వాళ్ల అక్క నీళ్లకు పోతే, ఓడలో కూర్చుని ఉంటుంది. ఒక భాగం మొత్తం ఆ పిల్ల బల్ల మీది దుమ్ము తుడుస్తుంది, రెండు గిన్నెలు తుడిచి పెడుతుంది, కూర్చుంటుంది. అంతే. భాగం అయిపోయింది.

"యా అల్లా! గిన్నెలు తుడుచుడే సూపిచ్చిండు గదనే గింతసేపు!" అని షాహీన్ నెత్తి కొట్టుకునేది. మళ్లీ తనే, "ఇంకోటి పెట్టు" అనేది. అమ్మ బియ్యం చెరుగుతూ అటు పోతూ, "గా పిల్ల అక్క వచ్చిందా?" అని అడిగేది. ఇంకా రాలేదంటే, "వస్తది తియ్" అని మళ్లీ చాట అందుకునేది. రోజూ అడిగేది. వేరే సినిమాల గురించి ఆమె ఎన్నడూ ఏమీ అడగలేదు. బాపు ఒకసారి మా వెనక నిలబడి చూసి, "గిండ్ల ఏం అయితలేదు గదనే! గిది చూసుడు కంటె గోడను చూసుడు నయం" అని నవ్వి స్నానానికి పోయాడు.

ఏం కావడం లేదన్న మాట నిజమే, అందుకే చూసేవాళ్లం. మన సినిమాల్లో భయం వస్తుందంటే ముందు డప్పులు మోగుతాయి, ఉరుము ఉరుముతుంది, ఆ వెనకే హీరో వస్తాడు. మా ఇంట్లో భయానికి డప్పు లేదు. అది అన్నం వండేది, బట్టలు ఆరేసేది, మధ్యమధ్యలో గూటి వైపు చూసేది. అది ఎంత నెమ్మదిగా ఉంటుందో తెలిసినవాడెవడో ఎక్కడో ఆ దేశంలో ఉన్నాడని, మా అమ్మను చూసినట్టే ఆ పిల్లను గీశాడని నాకు అనిపించేది. ఊళ్లో ఎవరికి చెప్పుకున్నా ఒకటే మాట, "ఏం గాదు పో." చుట్టాలదీ అదే మాట, పంతులమ్మదీ అదే మాట. ఆ ఒక్క సీరియల్ మాత్రమే నాతో ఏం కాదని అనలేదు. అవ్వొచ్చు అన్నది. అవ్వొచ్చు, అయినా గిన్నెలు తుడుచుకోవాలి అన్నది. నాకు అంత ధైర్యం ఇంకెవరూ ఇవ్వలేదు.

వరి పొట్టకొచ్చిన రోజులు. ముందు రోజు గాలివాన పడి కొమ్మలన్నీ తీగల మీద విరిగాయి. బాపు పొద్దున్నే పోయాడు. మధ్యాహ్నం షాహీన్ నమాజు చేసుకుని వచ్చింది, సీరియల్ పెట్టాం. ఓడలో పిల్ల బల్ల తుడుస్తుండగా తెర నల్లగా అయిపోయింది. అమ్మ చాట పక్కన పెట్టింది. చాలాసేపు ముగ్గురం ఏవేవో మాట్లాడుకున్నాం, ఒక్కటీ గుర్తు లేదు. తర్వాత ఫ్యాను కదిలింది. వీధిలో పిల్లలు అరిచారు. అమ్మ లేచి ఫ్యాను ఆపింది. ముగ్గురం గూటి వైపు చూస్తున్నాం. ఫోన్ ఒకసారి మోగి ఆగింది.

"వచ్చింది," అంది అమ్మ. పట్టపగలే లైటు వేసింది, ఫ్యాను వేసింది, అంత సంతోషం. చక్కెర ఎక్కువ వేసి చాయ్ పెట్టింది. షాహీన్ చప్పట్లు కొట్టింది. ఆ చాయ్ ఇంకా గ్లాసుల్లో ఉండగానే ఖలీల్ బండి వచ్చి వాకిట్లో ఆగింది. లోపలికి రాలేదు, తలుపు పట్టుకుని నిలబడ్డాడు.

"అమ్మా, లైను మీద ఎవరికో కరెంటు కొట్టిందంట. నర్సన్న పనిచేసే దగ్గర్నే."

"ఆయన ఫోన్ చేసిండు," అంది అమ్మ.

"బజార్ల అందరు అంటున్నరమ్మా."

"చేసిండయ్యా! గిదిగో, సూడు." అమ్మ ఫోన్ తీసుకుపోయి అతని మొహం ముందు పెట్టింది. "సూడు, ఇప్పుడే చేసిండు. సూస్తలేవా?" అంటూ మళ్లీ మళ్లీ బాపు పేరు చూపించింది. ఖలీల్ తల వంచుకుని "అవునమ్మా, ఉంది, ఉంది" అన్నాడు. ఇన్నేళ్ల తర్వాత కూడా ఫోన్ ఒక్కసారి మోగి ఆగితే నాకు మొదట గుర్తొచ్చేది ఆ తలుపు దగ్గర అమ్మ.

దెబ్బ తగిలింది బాపుకు కాదు, యాదగిరి మామకు. ఇద్దరూ ఒకే లైను మీద, ఎడంగా ఉన్న రెండు స్తంభాల మీద పనిచేస్తున్నారు. మధ్యలో చెరుకు తోట, ఒకరికొకరు కనిపించరు. ఎల్సీ బాపు పేరు మీద ఉంది. పని అయ్యాక బాపు ఫోన్ చేసి "దిగినవా యాదగిరీ?" అని అడిగాడు. "దిగిన నర్సన్నా" అన్నాడు మామ. నిజంగానే దిగాడు. పొరపాటున కరెంటు వచ్చినా నేలలోకి పోయేలా లైనుకు కట్టిన ఎర్తు తీగ కూడా విప్పేశాడు. ఫోన్ పెట్టేశాక పైకి చూస్తే తీగ మీద ఒక కొమ్మ ముక్క మిగిలి ఉంది. జరంత పనే గదా అని మళ్లీ ఎక్కాడు. లైను ఆగి ఉందన్న ధీమా. ఇటు బాపు ఎల్సీ తిరిగి ఇచ్చి, మా అమ్మకు మిస్డ్ కాల్ కొట్టాడు. మేం ఊపిరి పీల్చుకున్నది, మామ తీగకు చేయి చాచింది దాదాపు ఒకేసారి.

మామ బతికాడు. హైదరాబాద్‌లో కుడి చేయి మోచేతి దగ్గరికి తీసేశారు. విచారణకు వచ్చినవాళ్లతో ఆయనే, "నేనే మళ్ల ఎక్కిన, నర్సన్నది తప్పు లేదు" అని చెప్పాడు. బాపును ఎవరూ ఒక్క మాట అనలేదు. అయినా ఆయన సెలవు పెట్టి ఇంట్లో కూర్చున్నాడు. గడ్డం పెరిగింది. అన్నం ముందు పెడితే మెతుకులు వేళ్లతో కదుపుతూ ఉండేవాడు. వచ్చిన ప్రతి ఒక్కరూ, నీ తప్పేముంది నర్సన్నా, మర్చిపో, ఏం గాదు అనేవాళ్లు. ఆయన లేచి వెనక దొడ్లోకి పోయేవాడు. మళ్లీ స్తంభం ఎక్కుతాడా, ఎక్కకపోతే మా బతుకేమిటి, ఎక్కితే ఏమవుతుంది, ఈ మూడు మాటలూ అమ్మా నేనూ మనసులోనే అనుకుంటూ, ఒకరికొకరం చెప్పుకోకుండా తిరిగాం.

సీరియల్ పెట్టడానికి మాకు మనసు రాలేదు. ఒక మధ్యాహ్నం బాపే అన్నాడు. "పెట్టుండ్రి. నేనేం అంటలేను." షాహీన్, నేను ముందు కూర్చున్నాం. ఆయన మా వెనక గోడకు ఆనుకుని కూర్చున్నాడు. గోడను చూసుడు నయం అన్న మనిషి, ఆ పిల్ల బల్ల తుడవడం చివరిదాకా చూశాడు. మర్నాడు కూడా వచ్చి కూర్చున్నాడు. ఆ మర్నాడూ అంతే.

"గా పిల్ల దినాం రెండు గిన్నెలు పెడ్తదా?" అని అడిగాడు.

"పెడ్తది బాపూ."

"అక్క రాదని తెల్సా దానికి?"

"తెల్వది," అన్నాను.

"తెల్సు," అన్నాడు బాపు.

షాహీన్ నా చేయి గట్టిగా పట్టుకుంది. తెర మీద దుమ్ముగాలి వీస్తూ ఉంది. అది చూస్తూనే ఆయన, ఎవరికి చెప్తున్నాడో తెలియకుండా, "నాకు ఎక్కినప్పుడల్లా బుగులే బిడ్డా. మొదటి దినం సంది. కాళ్లు వణుకుతయ్. ఇంట్ల స్విచ్ గూడ ముట్టబుద్ధి గాదు. మీరు పరేషాన్ అయితరని చెప్పలే" అన్నాడు.

వంటింటి గడప మీద అమ్మ ఎప్పుడొచ్చి నిలబడిందో. "ఫోన్ ముంగట పెట్టుకొని కూసునేటోళ్లం, మాకేం బుగులు లేదనుకున్నవా?" అంది. గొంతులో కోపమే ఉంది. వచ్చి ఆయన పక్కన కూర్చుంది. మా ముందర ఆమె అట్లా ఆయన భుజానికి తగిలి కూర్చోవడం నేను అదే మొదటిసారి చూశాను. ఆయన ఏడ్చాడు. అమ్మ ఊరుకోమనలేదు, ఏం కాదనలేదు. సీరియల్ నడుస్తూనే ఉంది, ఆపాలని ఎవరికీ తోచలేదు.

బాపు మళ్లీ పనిలోకి పోయాడు, కానీ పద్ధతి మార్చుకున్నాడు. ఫోన్లో ఎవరు ఎంత చెప్పినా నమ్మేవాడు కాదు. పని అయ్యాక తన లూనా బండి మీద ప్రతి స్తంభం దగ్గరికీ పోయి, దిగిన మనిషి భుజం మీద చేయి వేసి, అతన్ని వెంట తీసుకుని బయల్దేరేవాడు. అందరూ ఒకచోట నిలబడ్డాకే ఎల్సీ తిరిగి ఇచ్చేవాడు. కరెంటు ఆలస్యంగా వచ్చేది. మా వీధివాళ్లే ఆయన్ను తిట్టుకునేవాళ్లు, పాపన్నపేట రైతులు మోటార్లు ఆగాయని ఇంటి మీదికి వచ్చేవాళ్లు. మాకు ఎదురుచూపు ఇంకా పొడుగైంది. భయం తగ్గిందంటే అబద్ధం. తేడా ఒక్కటే. కరెంటు పోయినప్పుడు అమ్మ ఇప్పుడు, "నాకు బుగులైతుంది, జర వచ్చి కూసోండ్రి" అని పిలిచేది. పోయి కూర్చునేవాళ్లం.

బాపు రిటైరయ్యాడు. మెదక్‌లో ఇప్పుడు కరెంటు పోవడమే తక్కువ, పోయినా ఇన్వర్టర్లు ఉన్నాయి, ఫ్యాను ఆగిందని గుండె ఆగే ఇల్లు మా వీధిలో ఒక్కటీ లేదు. సీరియల్ మధ్యలో తెర నల్లబడదు. ఎవరు ఎక్కడున్నారో ఫోన్ చెప్తుంది. ఇన్ని వచ్చాక పిల్లలకు భయమెందుకుంటుంది, ఏదో వయసు పిచ్చి, బూడిద బొమ్మలు చూస్తున్నారు అని అనుకునేదాన్ని. ఇదంతా చెప్పి అదే మాట ఆయేషాతో అన్నాను. "మాకైతే బుగులుండె, చూసినం. నీకేమైందే?"

ఆ పిల్ల మెట్లెక్కే ఇద్దర్నీ వేలితో పక్కకు నెట్టి, దాని కింద తెరిచి ఉన్న ఇంకొకటి చూపించింది. మ్యాప్. అందులో ఒక నీలం చుక్క. షాహీన్ భర్త లారీ నడుపుతాడు. లోడు వేసుకుని నాగపూర్ దాకా పోయివస్తుంటాడు.

"మా అబ్బా బండి ఖాలా. గిది నడుస్తుంటే మంచిగనే ఉంటది. ఆగితెనే బుగులు. చాయ్ తాగుతుండో, ఏమన్న అయ్యిందో తెల్వది. గప్పుడు గీ సీరియల్ పెట్టుకుంట. ఇది గూడ గట్లనే ఆగి ఉంటది గదా, జర మంచిగనిపిస్తది." గొంతు తగ్గించింది. "అమ్మీకి చెప్పకుండ్రి. ఆమెకు గివేం తెల్వది, నవ్వుకుంట ఉంటది."

షాహీన్ వంటింటి తలుపు దగ్గరే ఉంది, చేతిలో ఇంకా కడగని చాయ్ గ్లాసు. ఏదో ఒక వంకర మాట అంటుందని నేను ఎదురుచూశాను. గ్లాసు కింద పెట్టి, చున్నీకి చేయి తుడుచుకుని, తన ఫోన్ తీసి కూతురి ముందు పెట్టింది. అందులో అదే మ్యాప్.

"పొద్దుగాల్ల సంది చూస్తున్న," అంది. "రోజు చూస్త."

రెండు ఫోన్లలోనూ చుక్క ఆదిలాబాద్ దాటినచోట ఆగి ఉంది. షాహీన్ కూతురి పక్కన నేల మీద కూర్చుంది. నేనూ కూర్చున్నాను.